మునిగిన కర్మాగారమును లేవనెత్తుట యెవరి కొఱకు?

(రాంగోపాల్‌పేట పఠన మందిరమునందు మేము చేసిన యుపన్యాస పాఠము)



మోటారు పరిశ్రమతో మన పేటకు గల సంబంధమును వేఱుగ చెప్పనక్కఱలేదు. రాణీగంజ్ వైపు నాలుగడుగులు వేసినచో బేరింగులు, బోల్టులు, పంపులు, విడిభాగములు అమ్ము దుకాణము లెదురగును. ఎక్కడనో యొక కర్మాగారము మూతపడినచో దాని లోపలి కార్మికులే గాక, యీ వర్తకుడును, అతని గుమాస్తాయు, మూటలు మోయు హమాలీయు నష్టపడుదురు. కావున కష్టములలో బడిన వాహన పరిశ్రమకు ప్రభుత్వము చేయూత నీయవలెనా, అట్టి యెడ కార్మిక సంఘముల ధర్మమేమి యను ప్రశ్న మనకు సంబంధించినదే.

ఈ విషయమున రెండు పక్షములు గలవు. లాభములు వచ్చిననాడు యజమానులు పంచుకొని, నష్టములు వచ్చిననాడు ప్రజల పన్నులతో పూడ్పుమనుట న్యాయము కాదని యొక పక్షమువా రందురు. ఎడ్లు చచ్చిన రైతునకు, మగ్గము నిలిచిన సాలెవానికి లేని యాదరణ మోటారు కంపెనీకేల యని వారి ప్రశ్న. పెద్ద కర్మాగారము కూలినచో దానికి సరకు లిచ్చు చిన్న కర్మాగారములును కూలునని, ఏండ్ల తరబడి కూడిన పనితనము చెదరిపోవునని, దానిని మరల గూర్చుట ధన మొక్కటితో సాధ్యము కాదని రెండవ పక్షమువా రందురు. ఇరువురి మాటలయందును సత్యము గలదు. కనుక ఏ నిబంధనలపై, ఎవరి నిమిత్తము, ఏ సమయమున సహాయము చేయవలెనో తేల్చుకొనుటయే ముఖ్యమని మా యభిప్రాయము.

మన నగర చరిత్రనే చూతము. 1932లో నిజాం రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది యుద్యోగులతో నారంభమయ్యెను. పదేండ్లకు, 1942లో, నిజాం ప్రభుత్వపు పారిశ్రామిక నిధియు అల్లాదీన్ కంపెనీయు కలిసి హైదరాబాదు ఆల్విన్ కర్మాగారమును స్థాపించిరి. సనత్‌నగరమునందలి యా కర్మాగారము మన బస్సులకు బాడీలు కట్టెను; ఉక్కు బీరువాలు, రెఫ్రిజిరేటర్లు, గడియారములు చేసెను. 1980లలో జపాను దేశపు నిస్సాన్ సహకారముతో జహీరాబాదు వద్ద తేలిక రకపు లారీలు చేయు ఆల్విన్ నిస్సాన్ వెలసెను. ఆ దశాబ్ది ముగియు నాటికి అది మహీంద్రావారి చేతికి పోయెను. యజమాని మాఱినను అచటి పని నిలువలేదు. నేటికిని జహీరాబాదులో వాహనములు తయారగుచున్నవి. మూల సంస్థకు అట్టి భాగ్యము లేకపోయెను. నష్టములలో మునిగి, 1990ల తొలి భాగమున దాని రెఫ్రిజిరేటర్ల శాఖ వోల్టాస్ సంస్థలో కలిసెను. గడియారముల శాఖ యంతరించెను. కూకట్‌పల్లి చెంత ఆల్విన్ కాలనీగా, మియాపూరు చెంత ఆల్విన్ చౌరస్తాగా పేరు మాత్రము మిగిలినది. ప్రభుత్వపు వాటా యున్నంత మాత్రమున కర్మాగారము బ్రదుకదు. అది చేతులు మాఱినంత మాత్రమున చావదు. జబ్బు ముదురకమున్నే కొత్త పెట్టుబడియు, కొత్త సరకును దొరకుటయే ప్రాణాధారము.

ఇక మోటారు పరిశ్రమకు పుట్టినిల్లువంటి అమెరికాను చూతము. 2009 జూన్ 1వ తేదీన జనరల్ మోటార్స్ దివాలా న్యాయస్థానము నాశ్రయించెను. ప్రభుత్వము సుమారు 5,000 కోట్ల డాలర్లు వెచ్చించి రమారమి 60 శాతము వాటా పొందెను, అధిపతిని తొలగించెను, 2013 డిసెంబరున తన వాటా నంతయు అమ్మివేసెను. వేయి కోట్ల డాలర్లకు పైబడి ప్రజాధనము తిరిగి రాలేదు గాని, పరిశ్రమ నిలిచెను. కార్మిక సంఘమును ఊరకుండలేదు. విశ్రాంత కార్మికుల వైద్య నిధికి రావలసిన నగదుకు బదులు కొంత భాగమునకు వాటాలు పుచ్చుకొనెను. కొత్తగా చేరువారికి తక్కువ కూలి యను పద్ధతికి తలయొగ్గెను. ఒకే బల్లవద్ద నిలిచిన యిద్దరికి రెండు కూలులుండుట యెంత గాయమో, దానిని మాన్పుటకు 2023లో ఆఱు వారముల సమ్మె వలసివచ్చెను. సంఘము త్యాగము చేయుట మంచిదే. కాని ఆ భారము నంతయు ఇంకను సభలోనికి రాని పడుచువారిపై మోపుట త్యాగము కాదు.

మన తెలుగువారితో నెంతయో సంబంధముగల కార్మిక నాయకులు వి. వి. గిరిగారు, న్యాయస్థానముల తీర్పులకంటె ఉభయ పక్షములు కూర్చుండి కుదుర్చుకొను నొప్పందమే దృఢమని బోధించిరి. బ్యాంకు కార్మికుల తీర్పును ప్రభుత్వము సవరించినపుడు 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవినే విడిచిరి. కూర్చుండి మాటలాడుటకు లెక్కలు తెలియవలెను. కర్మాగార నిర్వహణయందు కార్మికులకు పాలు గల్పింపవలెనని 1976లో రాజ్యాంగమున 43-ఏ అధికరణము చేర్పబడినది. అది యాచరణయందు మిక్కిలి కొఱతగ నున్నది. జమాఖర్చులు చూపక, మునిగిన పిదప కార్మికుని పిలిచి కూలి తగ్గించుకొమ్మనుట ధర్మమా?

కావున మేము కోరునవి యివి. సహాయము ముందుగా పనికిని, పనివారికిని. యజమాని వాటాకు కాదు. ప్రజాధనమునకు ప్రతిగా ప్రజలకు వాటాయు, గడువును ఉండవలెను. లెక్కలు సంఘమునకు తెలుపవలెను. సంఘమును పనియందలి లోపములను కప్పిపుచ్చక దిద్దుకొనవలెను. రోగము కనబడిన నాడే వైద్యము జరుగవలెను.

ఇది పాతకథ గాదు. విశాఖ ఉక్కు కర్మాగారమును అమ్మివేయుటకు 2021 జనవరిలో నిర్ణయించిన కేంద్ర ప్రభుత్వమే, 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయము ప్రకటించినది. నడుమ నాలుగేండ్లు కార్మికులు ఆందోళన సాగించిరి. ఆ ధనము పాత యప్పులకే పోవునా, రేపటి పనికి పునాది యగునా యని అడుగు బాధ్యత వారొక్కరిది గాదు. పన్ను చెల్లించు మనయందఱిదియు. పఠన మందిరములయందు పత్రికలు చదువు మనము ఆ లెక్కలను గూడ చదువుదము. చదివి, నిర్భయముగ నడుగుదము.