నల్ల ఈశ్వరి వేరు, మూత్రపిండ కణం

అరకు కొండలతో సహా తూర్పు కనుమల అడవుల్లో పెరిగే తీగ నల్ల ఈశ్వరి. పాముకాటుకు దీని వేరు నూరి తాగించడం నాటువైద్యంలో పాత అలవాటు. అయితే ఈ జాతి మొక్కల్లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. 1990ల మొదట్లో బెల్జియంలో, బరువు తగ్గించే మందులో ఈ జాతి మొక్క కలవడంతో ఎందరో మహిళల మూత్రపిండాలు పాడయ్యాయి.

ఈ ఆమ్లం మూత్రపిండాలనే ఎందుకు దెబ్బతీస్తుంది? ప్రయోగశాలలో పెంచిన మానవ కణాలు జవాబిచ్చాయి. 1973లో నెదర్లాండ్స్‌లో పిండస్థ శిశువు మూత్రపిండం నుంచి రూపొందించిన హెక్-293 కణాలు అందుకు పనికొచ్చాయి. రక్తంలోని మందులను మూత్రంలోకి పంపేందుకు మూత్రపిండ కణాల్లోకి తోడే ప్రొటీన్లు ఓఏటీ-1, ఓఏటీ-3. వీటిని ఆ కణాల్లో చేర్చగానే విషం చురుగ్గా లోపలికి వెళ్ళింది. ప్రొబెనెసిడ్ మందుతో ఆ దారి మూస్తే విషం లోపలికి వెళ్ళడం బాగా తగ్గింది. మనల్ని శుభ్రపరిచే ద్వారాలే విషాన్నీ లోపలికి చేరుస్తున్నాయన్నమాట! లోపల అది డీఎన్‌ఏకు అతుక్కుని క్యాన్సర్‌కూ దారితీస్తుంది.

అడవి మందుల్లో మేలు చేసేవి ఎన్నో ఉన్నాయి. ఈ వేరును మాత్రం కడుపులోకి తీసుకోకండి. పాము కరిస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి, ప్రభుత్వ ఆసుపత్రిలో విషవిరుగుడు ఇంజెక్షన్ వేయించుకోండి.