ఊరి లెక్కలు ఎవరి చేతిలో నుండవలెను?

(విజయనగరమున పౌరుల సభలో చేసిన ఉపన్యాసము)



పురపాలక కార్యాలయములలోని కంప్యూటరుపనిని బయటి సంస్థల కప్పగించుటను గూర్చి మాటలాడుమని మమ్ము కోరినారు. ఇది యంత్రములు తెలిసినవారి విషయమేకాని వకీళ్ల విషయము కాదని కొందరికి తోచవచ్చును. మే మట్లు తలంపము. పన్ను కట్టినవానికి రసీదు, పుట్టిన బిడ్డకు జనన పత్రము, భర్తను కోల్పోయిన యామెకు మరణ పత్రము, ఇల్లు కొన్నవానికి పేరు మార్పు - తరచుగా వీనికొరకే సామాన్యుడు పురపాలక కచేరీ గడప త్రొక్కును. ఇవియన్నియు నేడు కంప్యూటరునుండియే వెలువడుచున్నవి. కావున ఆ కంప్యూటరులోని లెక్క లెవరివి, లెక్క తప్పినచో ఎవరు జవాబు చెప్పవలెను అను ప్రశ్నలు పౌరహక్కులకు సంబంధించిన ప్రశ్నలే.

చేతిపుస్తకములకంటె కంప్యూటరు మేలనుటలో మాకు సందేహము లేదు. బిల్లు కలెక్టరు పుస్తకములోని కొట్టివేతలు, బీరువాలోని రిజిష్టరులకు పట్టిన చెదలు, పాత పత్రమొకటి కావలెనన్న పలుమారులు తిరుగుట - ఇవి మనమెరిగినవే. ఈ శతాబ్దారంభమున మన పొరుగుననున్న విశాఖపట్టణ నగరపాలక సంస్థ "సౌకర్యము" అను పథకమును నెలకొల్పి, పన్ను చెల్లింపులను, ఫిర్యాదులను, జనన మరణ పత్రములను కంప్యూటరు కెక్కించెను. 2001 ఆగష్టు 25న హైదరాబాదున ఈసేవ ఆరంభమయ్యెను. అందు ప్రైవేటు సంస్థ పెట్టుబడి పెట్టుటయు, పౌరుడు బిల్లు కట్టిన ప్రతిసారి ఆ సంస్థకు ఇంత రుసుము ముట్టుటయు ఏర్పాటు. 2015-16 ప్రాంతమున రాష్ట్రమందలి 110 పట్టణములకును ఒకే సాఫ్టువేరు సమకూర్పబడెను. బెంగుళూరులో 2003లో స్థాపితమైన ఈగవర్నమెంట్స్ ఫౌండేషను తయారుచేసిన ఆ సాఫ్టువేరు యొక్క సోర్సుకోడు లోకమునకు తెరచియుంచబడినది. 2019 అక్టోబరు 2న సచివాలయ వ్యవస్థ వచ్చెను. 2025 జనవరి 30న "మనమిత్ర" పేర 161 సేవలు వాట్సాపు ద్వారా మొదలయ్యెను. వాట్సాపు అమెరికా దేశపు మెటా సంస్థది. ఇట్లు పాతికేండ్లలో ఊరి లెక్క బిల్లు కలెక్టరు సంచినుండి బయలుదేరి సముద్రముల కావలి సంస్థల యంత్రములవరకును చేరినది.

ఇందు సౌకర్యము కలదు. భయమును కలదు. ఆ భయమెట్టిదో తెలియుటకు దూరము పోనక్కరలేదు. మన జిల్లాలలోని వృద్ధులకు కరణీకము జ్ఞాపకమున్నది. కరణము భూమికి యజమాని కాడు. ప్రభుత్వపు జీతము పుచ్చుకొను చిన్న యుద్యోగి. అయినను అడంగలు, చిట్టా అతని యింట నుండుటచేతను, ఆ వ్రాత అతనికి తక్క అన్యులకు బోధపడకుండుటచేతను, రైతు అతని అరుగువద్ద చేతులు కట్టుకొని నిలువవలసి వచ్చెను. తండ్రినుండి కొడుకునకు సంక్రమించిన ఆ యధికారమును తొలగించుటకు 1984వరకు పట్టినది. లెక్కలు ఎవరివద్దనుండునో ఊరు వారి మాట వినునని ఆ చరిత్ర చెప్పుచున్నది. కరణము మన యూరివాడే గనుక రచ్చబండవద్ద పదిమంది కూడి అడుగుటకైనను వీలుండెను. టెండరు గెలిచిన సంస్థ ఏ నగరముననో యున్నది. గుమాస్తానడిగిన "సర్వరు పనిచేయుటలేదు" అనును. కమీషనరునడిగిన "కంపెనీవారికి వ్రాసినాము" అనును. కంపెనీవారు "మాకు కాంట్రాక్టు ప్రభుత్వముతోగాని మీతో లేదు" అందురు. ముగ్గురును చెప్పినది నిజమే కావచ్చును. పౌరునకు మాత్రము జవాబు దొరకలేదు.

ఈ విషయమున చట్టమేమనుచున్నదో చూతము. 1993 జూన్ 1న అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంస్థలను స్వపరిపాలన సంస్థలుగా గుర్తించినది. జనన మరణముల నమోదు పండ్రెండవ షెడ్యూలులోని పట్టణవిధులలో నొకటి. వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో చేసిన చట్టము 8వ సెక్షనులో, సమాచారము సేకరించిన సంస్థ తన పక్షమున మరియొకరు పనిచేసినను, ఎట్టి ఒడంబడిక యున్నను, తానే బాధ్యత వహింపవలెనని నిర్ణయించినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటితములైనవి. 2005నాటి సమాచారహక్కు చట్టము ప్రభుత్వసంస్థ చేతిలోనున్న దానికేగాక దాని అదుపులోనున్న సమాచారమునకును వర్తించును. అనగా పనిని అప్పగింపవచ్చును, బాధ్యతను అప్పగింపరాదు. సమాచారహక్కు ఉద్యమమున స్వచ్ఛందసేవకులుగా తిరుగుచున్న మేము ఆ "అదుపు" అను మాటను మరల మరల నొక్కి చెప్పుచున్నాము. కాంట్రాక్టు వ్రాయునాడే ఆ యదుపు జారవిడిచినచో, పిదప అర్జీ పెట్టిన పౌరునకు "ఆ లెక్క మావద్ద లేదు" అను సమాధానమే దక్కును.

న్యాయస్థానములో ఈ చిక్కు మరింత స్పష్టపడును. 2024 జులై 1న అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య చట్టము 63వ సెక్షను ననుసరించి, కంప్యూటరునుండి తీసిన ప్రతిని సాక్ష్యముగా చూపవలెనన్న, ఆ యంత్రమును నిర్వహించు బాధ్యుడును నిపుణుడును సంతకము చేసిన ధ్రువపత్రము కావలెను. పూర్వచట్టము క్రింద అట్టి ధ్రువపత్రము తప్పనిసరియని సుప్రీముకోర్టు 2020లో తీర్పు చెప్పియుండెను. సాలూరులోనో, ఆమదాలవలసలోనో ఒకామె ఇంటిపన్ను కట్టినను తెరమీద బాకీ చూపుచున్నదనుకొందము. యంత్రము కంపెనీది, కంపెనీ కాంట్రాక్టు నిరుడే ముగిసినది. ధ్రువపత్రముపై ఎవరు సంతకము చేయుదురు? ఆమె చేతిలో కాగితపు రసీదున్న బ్రదికినది. లేకున్న రెండవసారి కట్టవలసినదే.

కంపెనీలు శాశ్వతములు కావు. తెలుగువారు గర్వించిన సత్యం కంప్యూటర్సు అధ్యక్షుడు 2009 జనవరి 7న, లెక్కలలో వేలకోట్ల రూపాయలు బూటకమని స్వయముగా ఒప్పుకొనెను. ఏప్రిలు నాటికి ఆ సంస్థ టెక్ మహీంద్రా చేతిలోనికి పోయెను. అంతటి సంస్థయే మూడు మాసములలో చేతులు మారినప్పుడు, చిన్న కాంట్రాక్టరు మాట చెప్పనేల? ధనికదేశములకును ఈ బాధ తప్పలేదు. ఇంగ్లండులోని బర్మింగుహాము నగరసభ 2022లో పాత లెక్కల పద్ధతిని విడిచి ఒరాకిల్ సాఫ్టువేరును ప్రవేశపెట్టెను. సుమారు 1.9 కోట్ల పౌండ్లతో ముగియుననుకొన్న పని పదికోట్లను మించునని తేలెను. కొంతకాలము నగరసభకు తన లెక్కలే సరిగా తెలియకపోయెను. 2023 సెప్టెంబరులో ఆ నగరసభ చేతిలో సొమ్ము లేదని ప్రకటించెను. ఉద్యోగినులకు చెల్లింపవలసిన సమానవేతనపు బాకీలు అందుకు పెద్ద కారణము. ఈ యంత్రపు ఖర్చును ఆ బరువునకు తోడయ్యెను.

మన తీరమునకు వేరొక భయము గలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఉద్దానమున కొబ్బరి, జీడితోటలతోపాటు విద్యుత్తు స్తంభములును కూలినవి. ఫోనులు మూగపోయినవి. నష్టపరిహారమునకు ఎవరి ఇల్లు ఏదియో తేల్చవలసిన సమయమునకే ఇంటర్నెట్టు లేకుండుట సంభవము. ఊరి రిజిష్టరు ప్రతియొకటి ఊరిలోనే, కరెంటు లేకున్నను చదువదగినట్లు ఉండకతప్పదు.

కావున ఏ పురపాలక సంఘమైనను ఈ కాంట్రాక్టుపై సంతకము చేయుటకు ముందు అయిదు షరతులు చేర్చవలెనని మా మనవి. మొదటిది: సమాచారమంతయు పట్టణపు సొత్తు. కాంట్రాక్టు ముగిసిననాడు దానిని ఇతరులు వాడుకొనదగిన రూపమున, అదనపు రుసుము లేకుండ అప్పగించి, తమ ప్రతిని చెరిపివేయవలెను. రెండవది: సోర్సుకోడు ప్రభుత్వముదిగానో, అందరికి తెరచినదిగానో ఉండవలెను. మూడవది: ప్రతి పౌరునకు తెలుగులో కాగితపు రసీదు. తెలుగు పేర్లను ఆంగ్లాక్షరములలోనికి దింపినచో తకును టకును భేదముండదు, దకును డకును భేదముండదు. ఆ యొక్క యక్షరముచేత మరణ పత్రమునకును ఆధారుకార్డునకును పొత్తు కుదరక వితంతువు పింఛను ఆగిపోవచ్చును. నాల్గవది: తప్పును దిద్దు అధికారము పట్టణపు ఉద్యోగికే యుండవలెను. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చిరో చెరపరాని జాబితా యుండవలెను. అయిదవది: కాంట్రాక్టు ప్రతి పురపాలక కార్యాలయపు గోడపైనను, ఇంటర్నెట్టులోను ప్రకటింపబడవలెను.

బొబ్బిలి, పార్వతీపురము, ఇచ్ఛాపురము వంటి చిన్న పట్టణములు ఇంజనీర్ల నెక్కడ పోషించగలవని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ప్రతి పట్టణమునకును ప్రత్యేకముగా నిపుణులు కావలెనని మేమనుటలేదు. సోర్సుకోడు తెరచియున్నది గనుక మూడు జిల్లాల పట్టణములును కలిసి నలుగురైదుగురు నిపుణులను ఉమ్మడిగా నియమించుకొనవచ్చును. విజయనగరమునను శ్రీకాకుళమునను ఇంజనీరింగు కళాశాలలున్నవి. మన బిడ్డలే చదివి హైదరాబాదు, బెంగుళూరులకు పోవుచున్నారు. వారిలో కొందరికి ఇక్కడనే ఉద్యోగము చూపుట పట్టణమునకు ఖర్చు కాదు, రక్షణ.

విజయనగర పురపాలక సంఘము 1888లో ఏర్పడెను. అది నేడు నగరపాలక సంస్థ. ఇంతకాలము మన పెద్దలు పన్ను కట్టి, పోరాడి, ఓటు సంపాదించి నిలుపుకొనినది ఈ స్వపరిపాలన. లెక్క చూచుకొనలేని స్వపరిపాలన పేరునకే స్వపరిపాలన. రానున్న టెండరు కాగితములను మీ వార్డుసభలలో అడిగి తెప్పించుకొనుడు. ఈ అయిదు షరతులును అందున్నవో లేవో చూడుడు. లేనిచో అర్జీ పెట్టుడు. ఆ యర్జీ వ్రాయుటకు మా వంటి ప్లీడరులు రుసుము లేకుండ మీ వెంట రాగలరు.