హైస్కూలులో వంట, అతిథి సేవా విద్య

చదువును గురించి పది నిముషాలు మాట్లాడమన్నారు. నేను దేగ్ దగ్గర మొదలు పెడతాను.

కిందటేడు ఒక పెండ్లిలో నా పాత విద్యార్థి కనిపించాడు. తండ్రి బావర్చీ. తొమ్మిదో తరగతిలో ఉండగానే సెలవుల్లో తండ్రి వెంట పోయేవాడు. 500 మందికి బియ్యం ఎంత, మాంసం ఎంత, మంట ఎప్పుడు తగ్గించాలి, మూతకు పిండి పూసి పైన నిప్పులు ఎప్పుడు వేయాలి, కాగితం చూడకుండా చెబుతాడు. వాడు ఒక పెద్ద హోటలుకు పని కోసం పోతే "సర్టిఫికెట్ ఏదీ?" అన్నారట. లేదు. పళ్లేలు కడిగే చోట నిలబెట్టారు. ఆరు నెలలు చేసి మానుకున్నాడు. చెబుతూ నవ్వాడు గాని నాకు నవ్వు రాలేదు. "నీకు హిసాబ్ రాదురా" అని వాడికి 35 మార్కులు వేసిన మాస్టరును నేనే.

మన బళ్లలో గృహ విజ్ఞానమంటే ఆడపిల్లల కుట్లు, అల్లికలు అనే అభిప్రాయం పాతుకుపోయింది. ఢిల్లీలో లేడీ ఇర్విన్ కళాశాల 1932లోనే వెలసింది. పోషకాహారం, ఆహార రక్షణ, ఇంటి జమాఖర్చు అన్నీ అందులోని శాస్త్రాలే. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పని అనుభవం చదువులో భాగం కావాలన్నది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ సంఘం మళ్లీ అదే చెప్పింది. ఆ పీరియడు మా బడిలో ఏమయిందంటారా? పిల్లలు ఆవరణ ఊడ్చారు.

2009-10లో కేంద్ర పర్యాటక శాఖ "హునర్ సే రోజ్‌గార్ తక్" అనే పథకం పెట్టింది. పేరు మనదే! వంట, వడ్డన కొద్ది వారాల్లో నేర్పేవారు. అయితే దానికి 18 ఏళ్లు నిండాలి. నేను చూసినంతలో మన పిల్లలు బడి మానేది 14, 15 ఏళ్లకే. ఈ మధ్య సంవత్సరాలు ఎవరివి? సీబీఎస్ఈ వారు 9వ తరగతి నుంచే ఫుడ్ ప్రొడక్షన్, టూరిజం ఐచ్ఛిక పాఠాలుగా పెట్టారు. 2020 జాతీయ విద్యా విధానం 6వ తరగతి నుంచే వృత్తి పరిచయం ఉండాలన్నది. అడిగే వారుంటే దారి లేకపోలేదు.

ఏమి నేర్పాలి? దమ్ వేయడం బావర్చీకి మనం నేర్పనక్కరలేదు. వండినది వడ్డించేదాకా 60 డిగ్రీలకు పైన వేడిగా ఉండాలి, చల్లనిది 5 డిగ్రీలకు మించరాదు, ఎందుకు? మధ్యలో సూక్ష్మజీవులు పెరుగుతాయి గనుక. ఇది సైన్సు. ప్లేటుకు ఖర్చెంత, మిగిలేదెంత, ఇది లెక్కలు. దుర్గమ్మ గుడికి, కొండపల్లికి వచ్చే పరాయి ఊరి మనిషితో మర్యాదగా మూడు భాషల్లో మాట్లాడడం, ఇదీ చదువే. ఉర్దూ మీడియం పిల్లకు ఇంగ్లీషు పుస్తకం ఇచ్చి ఊరుకుంటే లాభం లేదు. బావర్చీ, మాస్టరు కలిసి కూర్చుని మాటల పట్టిక రాయాలి.

"మగపిల్లలకు వంటా?" అంటారు. దేగ్‌ల దగ్గర ఉన్నదంతా మగవారే గదా! ఆడపిల్లలను హోటలుకు పంపమని నేననడం లేదు; ఆసుపత్రి వంటశాల ఉంది, హాస్టలు ఉంది, బందరులో తొక్కుడు లడ్డు చేసే ఇళ్లున్నాయి. ఒక భయం మాత్రం న్యాయమైనదే: పేదపిల్లలకు వంట, కలిగినవారి పిల్లలకు లెక్కలు అని విడదీస్తారేమో. అలా అయితే నేనే ఎదురు నిలుస్తాను. ఇది లెక్కల పక్కన ఉండాలి, లెక్కలకు బదులు కాదు.

సంఘం భవనం వెనుక గది ఖాళీగా ఉన్నది. రెండు పొయ్యిలు, ఒక తక్కెడ, ఒక థర్మామీటరు, చేతులు కడుక్కునే కొళాయి, శనివారం మధ్యాహ్నాలు. నేనడిగేది ఇంతే. ఆ కుర్రవాణ్ణి నేర్పడానికి రమ్మన్నాను, వస్తానన్నాడు. ఎంత ఇస్తారని అడగలేదు. ఆ సంగతి కమిటీ వారు చూడాలి.