మీట వెనుక మాట



కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్లు రెండు మూడు మీటలు కలిపి నొక్కడం మీరు చూసే ఉంటారు. కంట్రోల్, సి కలిపి నొక్కితే ఎంచుకున్న మాటకు నకలు తయారవుతుంది. కంట్రోల్, వి నొక్కితే ఆ నకలు మనం కోరిన చోట దిగుతుంది. వీటిని షార్ట్‌కట్లు అంటారు. మన భాషలో అడ్డదారి అన్న మాటకు అంత మంచి పేరు లేదు గనుక దగ్గరి దారులు అనుకుందాం. 1970లలో అమెరికాలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్, టిమ్ మాట్ అనే ఇద్దరు నకలు తీసి అతికించే ఈ పద్ధతిని తీర్చిదిద్దారు. ఇవాళ అది ప్రపంచమంతటా చేతి అలవాటయింది.

కంప్యూటరుతో వచ్చే దగ్గరి దారులు కాక, మన అవసరానికి తగినవి మనమే కూడా తయారుచేసుకోవచ్చు. ఏ మీటలు నొక్కితే ఏ పని జరగాలో వరుసగా రాసిపెడితే చాలు. ఆ రాతనే కోడు అంటారు. ఆటోహాట్‌కీ అని 2003లో వచ్చిన ఉచిత సాధనం ఒకటి ఇందుకు పనికివస్తుంది. ఇలాంటివి పది ఇరవై ఒకచోట చేర్చి, నలుగురూ వాడుకునేలా పెడితే దాన్ని లైబ్రరీ అంటారు. పుస్తకాలు లేని గ్రంథాలయం అన్నమాట. ఆ లైబ్రరీలో కోడు పక్కన రాసి ఉంచవలసిన వివరణ గురించి ఈ పూట నాలుగు మాటలు చెబుతాను. ఇది కంప్యూటరు ఇంజనీర్లకు మాత్రమే సంబంధించిన విషయమని దయచేసి రేడియో కట్టేయకండి. ఇది మన ఆరంబాక్కం వంటి ఊళ్లలో పిల్లల పేర్లకు సంబంధించిన విషయం కూడా.

మనది రెండు భాషల ఊరు. ఉత్తరంగా కాస్త దూరం పోతే తడ, అక్కడి నుంచి ఆంధ్ర. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మారి తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. గీతలు ఎలా మారినా ఇళ్లలో మాటలు మారలేదు. పిల్లవాడి పేరు ఒక కాగితంలో తమిళ లిపిలో ఉంటుంది, ఇంకొక కాగితంలో తెలుగు లిపిలో కావాలి. రెండో కాగితం రాసే పని మా ఉపాధ్యాయులది.

కొన్నేళ్ల క్రితం ఒక బడిలో నాతో పనిచేసిన యువ ఉపాధ్యాయుడొకరు ఇందుకోసం ఒక చిన్న లైబ్రరీ తయారుచేశారు. అందులో ఒక దగ్గరి దారి ఇది. తమిళంలో ఉన్న పేరును ఎంచుకుని కంట్రోల్, ఆల్ట్, టి మూడూ కలిపి నొక్కితే ఆ పేరు తెలుగు లిపిలోకి మారిపోతుంది. చూసిన మాకు గారడీలా ఉండేది. ఆయన బదిలీ మీద వెళ్లిపోయారు. లైబ్రరీ మాత్రం మా దగ్గరే ఉండిపోయింది.

ఆ గారడీ వెనుక ఉన్నది చిన్న కూడిక. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. యూనికోడ్ అనే ప్రపంచ పట్టికలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంది. తమిళ క సంఖ్య 2965. తెలుగు క సంఖ్య 3093. తేడా 128. మ తీసుకున్నా, ర తీసుకున్నా తేడా 128 మాత్రమే. ఇది కాకతాళీయం కాదు. మన దేశంలోని అనేక భాషలకు ఒకే వరుసలో అక్షరాలను అమర్చిన ఇస్కీ అనే పట్టిక 1988లో ఉండేది. 1991లో వచ్చిన యూనికోడ్ ఆ వరుసనే తీసుకుని, ఒక్కొక్క లిపికి 128 గదులు కేటాయించింది. తమిళ గదుల వరుస అయిన వెంటనే తెలుగు గదుల వరుస మొదలవుతుంది. అందువల్ల తమిళ అక్షరానికి 128 కలిపితే సరిగ్గా ఎదురుగా ఉన్న తెలుగు అక్షరం వస్తుంది. ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్ల వంటివి ఈ రెండు లిపులూ.

ఒకసారి బడి వార్షికోత్సవానికి ముందు నేను ఆ కోడు తెరిచి చూశాను. 128 కలుపు అన్న వరుస అర్థమయింది. దాని పైన ఇంకో రెండు వరుసలు కనిపించాయి. 2985 వస్తే 3112 పెట్టు అని ఒకటి. 2996 వస్తే 3123 పెట్టు అని ఇంకొకటి. పక్కన ఒక్క మాట వివరణ లేదు. నేను లెక్క వేశాను. 2985కు 128 కలిపితే 3113 రావాలి, ఈయన 3112 వేశారు. 2996కు 128 కలిపితే 3124 రావాలి, ఈయన 3123 వేశారు. రెండు చోట్లా ఒకటి తక్కువ! పాపం, తొందరలో కూడిక తప్పారనుకున్నాను. లెక్క తప్పితే దిద్దడం మాకు వృత్తిధర్మం కదా. ఆ రెండు వరుసలూ కొట్టేశాను. సరిచూద్దామని తమిళంలో అమ్మా అని కొట్టి, మూడు మీటలూ నొక్కాను. తెలుగులో అమ్మా అని చక్కగా వచ్చింది. సంతోషించాను.

ప్రశంసాపత్రాలు అచ్చయ్యాయి. వేడుక మర్నాడు ఒక తల్లి బడికి వచ్చింది. కొడుకుకు పద్యాల పోటీలో మొదటి బహుమతి. చేతిలో కాగితం చూపించి, "అయ్యోరూ, మావోడి పేరు చివర ఈ డబ్బా ఏంది?" అని అడిగింది. చూద్దును గదా, మురుగన్ అని ఉండవలసిన చోట మురుక అని ఉండి, దాని పక్కన ఖాళీ చతురస్రం. "పటం కట్టించి గోడకు పెట్టుకుందామనుకున్నాము" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

బదిలీ అయిన మిత్రుడికి ఫోను చేశాను. ఆయన చెప్పింది ఇది. తమిళంలో మనకున్న న కాక ఇంకొక న ఉంది. తమిళ బడుల్లో దాన్ని రెండు సుళ్ల న అంటారు. మురుగన్, కణ్ణన్ వంటి పేర్ల చివర వచ్చేది అదే. దాని సంఖ్య 2985. తెలుగులో దానికి ఎదురిల్లు లేదు. 3113వ గది నేటికీ ఖాళీ. అందుకని పక్క గదిలో ఉన్న మన న, అంటే 3112, వాడాలి. ఇక 2996 అనేది తమిళం అన్న మాటను తమిళ లిపిలో రాసేటప్పుడు చివర వచ్చే ప్రత్యేకమైన ళ. దానికి ఎదురుగా 3124వ గదిలో తెలుగు శాసనాల కాలం నాటి పాత అక్షరం ఒకటి 2014లో చేరింది. ఆ అక్షరాన్ని ఈనాటి పిల్లలు చదవలేరు, పాత ఫాంట్లలో అది ఉండదు. అందుకని పక్కనే ఉన్న మన ళ, 3123. నేను తప్పులనుకున్నవి ఆయన బాగా ఆలోచించి చేసిన ఒప్పులు. "నేను రాసిపెట్టి ఉండాల్సింది సార్" అని ఆయన, "నేను అడిగి ఉండాల్సింది" అని నేను.

శ్రోతలారా, కోడు చూస్తే ఏమి జరుగుతుందో తెలుస్తుంది. ఎందుకలా జరగాలో కోడు చెప్పదు. ఆ ఎందుకు అన్నది రాసినవారి తలలో ఉండి, వారితోపాటే బస్సెక్కి వెళ్లిపోతుంది. వెనుక వచ్చినవాళ్లు తెలివితక్కువవాళ్లయితే ముప్పు లేదు, ముట్టుకోరు. నాలాగా కొంచెం తెలిసినవాళ్లయితేనే ముప్పు, దిద్దుతారు.

ఆటోహాట్‌కీలో ఒక వరుస మొదట సెమికోలన్ గుర్తు పెడితే, ఆ వరుసలో ఏమి రాసినా యంత్రం పట్టించుకోదు. అది మనుషుల కోసం విడిచిన చోటు. ఆ చోటును తెలుగులోనైనా నింపవచ్చు. ప్రశంసాపత్రాలు మళ్లీ అచ్చువేయించి ఇచ్చాక, నేను ఆ రెండు వరుసలూ తిరిగి చేర్చి, పైన ఇలా రాశాను:

"మీటలు: కంట్రోల్, ఆల్ట్, టి. పని: ఎంచుకున్న తమిళ లిపి పేరును తెలుగు లిపిలోకి మారుస్తుంది. 2985కు 3112, 2996కు 3123 రాయడం కూడిక తప్పు కాదు. 3113వ గది ఖాళీ. 3124లో ఉన్నది నేడు వాడుకలో లేని అక్షరం. చేయలేనిది: తమిళంలో క, గ రెండింటికీ ఒకే అక్షరం గనుక మురుగన్ అన్నది మురుకన్ అని వస్తుంది. చేత్తో దిద్దాలి. జాగ్రత్త: వర్డులో ఇవే మీటలు ట్రేడ్‌మార్కు గుర్తు వేస్తాయి. ఇది నడుస్తున్నంతసేపు ఆ గుర్తు రాదు. మార్చినవారు కనిమొళి అన్న పేరుతో సరిచూడండి."

కనిమొళి ఎందుకంటే, తమిళంలో ఆ పేరులో ఆ రెండు అక్షరాలూ ఉన్నాయి. నేను అమ్మా అన్న మాటకు బదులు ఆ పేరు కొట్టి చూసి ఉంటే ఆ తల్లి బడి దాకా రానవసరం లేకపోయేది.

గమనించండి, ఆ రాతలో ఆరు సంగతులున్నాయి. ఏ మీటలు, ఏ పని, ఎందుకలా, ఏది చేయలేదు, వేరే దేనితో తగాదా వస్తుంది, ఎలా సరిచూడాలి. దగ్గరి దారుల లైబ్రరీలో తగాదా సంగతి మరీ ముఖ్యం. కీబోర్డు మీద మీటలు కొన్నే, వాటిని కోరేవాళ్లు చాలామంది. వర్డులో ట్రేడ్‌మార్కు గుర్తు వేసే ఆ మూడు మీటలే ఉబుంటు కంప్యూటరులో ఆజ్ఞలు రాసే కిటికీ తెరుస్తాయి. ముందే చెప్పకపోతే వాడేవారు కంప్యూటరు చెడిందనుకుంటారు.

అలాగని ప్రతి వరుసకూ వ్యాఖ్యానం రాయనక్కరలేదు. 128 కలుపు అన్న వరుస పక్కన ఇక్కడ 128 కలుపుతున్నాము అని రాస్తే లాభం లేదు. 128 ఎందుకో రాస్తే లాభం. ఇంకొక మాట. కోడు మార్చి వివరణ మార్చకపోతే, అది వివరణ లేకపోవడం కంటే చెడ్డది. మలుపు మారిన దారిలో పాత చేతిగుర్తు బోర్డు నిలిచి ఉన్నట్టు.

ఇది మనకు కొత్త నీతి కాదు. శ్రీపెరుంబుదూరులో పుట్టి మద్రాసులో తెలుగు చెప్పిన పరవస్తు చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం వెలువరించారు. సూత్రం చిన్నది. దాని కింద వివరణ, ఆపైన ఉదాహరణలు. సూత్రం ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే బాలురకు కాదు, పండితులకు కూడా తగవులు మిగిలేవి. కోడు కూడా సూత్రం వంటిదే. కంప్యూటరు శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ 1984లో ఒక వ్యాసంలో ప్రోగ్రామును మనిషికి వివరించి చెబుతున్నట్టు రాయాలని వాదించారు. ఆయన అమెరికాలో చెప్పినదీ, మన సూరిగారు చేసి చూపినదీ ఒకే దారిలో ఉన్నాయి.

సరిహద్దు ఊళ్లలో తెలుగు పనులు చేసేవాళ్లు కొద్దిమంది. ఒకరు చేసిన పని ఇంకొకరు అందుకోకపోతే మళ్లీ మొదటికి రావలసిందే. మీ ఇంట్లో, బడిలో, అంగడిలో ఎవరైనా పిల్లలు కంప్యూటరులో ఇలాంటి చిన్న సాధనం తయారుచేస్తే, మెచ్చుకుని ఊరుకోకండి. ఎందుకలా చేశావో పక్కన నాలుగు వరుసలు రాయి నాయనా, రాయమ్మా అని అడగండి. ఆ పిల్లలు రేపు ఏ ఊరికి పోతారో తెలియదు. ఆ నాలుగు వరుసలు మాత్రం ఊళ్లో ఉంటాయి.