గోడ కింద సొరంగం

గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక్క ఇంగ్లీషు మాట మీద ఉపన్యాసమా అని కొందరు అడిగారట. 'అండర్‌మైన్' మీద గంట చాలదు.

ముందు ఒక తప్పు సంగతి తేల్చాలి. 'డోంట్ అండర్‌మైన్ మై టాలెంట్' అని మన పిల్లలు ఇంటర్వ్యూల్లో కూడా అంటున్నారు. తక్కువ అంచనా వేయొద్దని వాళ్ల భావం. దానికి 'అండర్‌ఎస్టిమేట్' ఉంది. రెండిటి ముందూ 'అండర్' ఉన్నంత మాత్రాన అవి అన్నదమ్ములు కావు.

ఇప్పుడు అసలు కథ. 1215, ఇంగ్లండు. మాగ్నా కార్టాకు ఒప్పుకుని నాలుగు నెలలైనా కాకముందే కింగ్ జాన్‌కీ సామంతులకీ మళ్లీ యుద్ధం. రోచెస్టర్ కోటలో తిరుగుబాటుదారులు చేరారు. రాళ్లు విసిరే యంత్రాలకు ఆ బురుజు లొంగలేదు. దాని మూల కిందికి సొరంగం తవ్వించాడు రాజు. తవ్వుతున్నప్పుడే గోడ మీద పడకుండా దుంగలు నిలబెట్టారు. నవంబరు 25న తన ప్రధానాధికారి హ్యూబర్ట్ డి బర్గ్‌కు జాబు రాశాడు: తిండికి పనికిరాని బాగా కొవ్విన పందులు నలభై, రాత్రింబవళ్లు నడిచైనా పంపించు. ఆ కొవ్వుతో మంట పెట్టారు. దుంగలు కాలాయి, మూల మొత్తం కూలింది. లోపలివాళ్లు అప్పటికీ పోరాడి, ఆకలికి తాళలేక 30న లొంగిపోయారు. తర్వాత ఆ ఒక్క మూలనీ గుండ్రంగా కట్టారు, మిగతా మూడూ చతురస్రాలే. ఈరోజు వెళ్లినా కనబడుతుంది.

అండర్‌మైన్ అసలు అర్థం ఇదే, గోడ కింద తవ్వడం. గమనించారా, ఇందులో తుపాకిమందు లేదు! ఈ మాటలోని 'మైన్' అంటే బాంబు అనుకోవడం వట్టి అపోహ. మైన్ అంటే తవ్వకం. బాంబుకు ఆ పేరు తవ్వకం నుంచే వచ్చింది. మన 'మందుపాతర'లో పాతరా గొయ్యే కదా. మందు కూరిన సొరంగాలు కావాలంటే 1687లో ఔరంగజేబు ముట్టడించిన గోల్కొండకు రండి. లోపలివాళ్లు ఎదురు సొరంగాలు తవ్వి కోట వైపున్న మందు తడిపేశారు. పేలుడు ఔరంగజేబు సేన మీదికే తిరిగింది. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోట పోయింది గోడ కూలి కాదు, లోపలి మనిషి తలుపు తీయడం వల్ల. అది ద్రోహం. ఆ మాట వేరు.

గోడకు జరిగినట్టే అధికారానికీ జరుగుతుంది. పైఅధికారి ముఖం మీదే 'చేయను' అంటే అది 'డిఫై', ధిక్కారం. అదే పనికి 'నా అధికారాన్ని అండర్‌మైన్ చేశావు' అని మెమో ఇచ్చిన ఆఫీసును నేను చూశాను. అండర్‌మైన్ చేయడమంటే అధికారం దేని మీద నిలబడిందో దాన్ని తొలచడం. కుర్చీ ఉంటుంది, సంతకం చెల్లుతుంది, మాట మాత్రం ఎవరూ వినరు. ఇది కిందివాళ్లే చేస్తారనుకోకండి. పిల్లల ముందు మాస్టారిని తిట్టే హెడ్మాస్టరు చేసేదీ ఇదే. అమ్మ వద్దన్నది నాన్న చాటుగా కొనిపెట్టినా ఇదే. ఉద్దేశం కూడా అక్కర్లేదు, ఏరు గట్టును కోసినట్టు.

టైమైందంటున్నారు. ఇలా గుల్ల చేయడాన్నే చెప్పే 'సాప్' కూడా ఉంది. అది చెట్టు రసం నుంచి పుట్టిన క్రియ కాదు. ఇటలీవాళ్ల పార పేరు నుంచి వచ్చింది. మన సైన్యంలోని మద్రాస్ సాపర్స్ పేరూ ఆ వంశమే. 'సబ్‌వర్ట్' అంటే కింది నుంచి తిరగేయడం, దాని సంగతి మరోసారి.

నిఘంటువులు రాసే మిత్రులు ఇక్కడ ఉన్నారు. అండర్‌మైన్ ఎదురుగా 'ధిక్కరించు' ఉంటే కొట్టేయండి. 'గుల్ల చేయు' అని రాయండి.