మ్యూజియములు – మన బిడ్డలు

(హనుమకొండలో ఉపాధ్యాయులును తలిదండ్రులును కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



వేసవి సెలవులు వచ్చినవి. ఈ దినములలో వరంగల్లు, హనుమకొండ, కాజీపేటల నుండి ఎన్నియో కుటుంబములు బిడ్డలను వెంటబెట్టుకొని హైదరాబాదునకు పోవును. బంధువుల యిండ్లు, చార్మినారు, జంతుప్రదర్శనశాల, పిమ్మట పొద్దు మిగిలినచో సాలార్జంగు మ్యూజియము. 1977 నుండి మే 18వ తేదీని దేశదేశములందు మ్యూజియముల దినముగా జరుపుచున్నారు గాన, ఈ సభవారు మమ్ము ఆ విషయమును గూర్చి మాటాడుమని కోరినారు. మేము పురావస్తు పండితులము కాము. న్యాయస్థానములలో వాదించి పొట్టపోసికొనువారము. తీరిక వేళల గ్రంథాలయోద్యమమున సేవకులుగా తిరుగువారము. ఈ రెండు పనులలోను మేము నేర్చినది ఒక్కటే: మాట వేఱు, సాక్ష్యము వేఱు. నేడు మనవి చేయబోవునదియు నదియే.

మ్యూజియమునకు మన జనులు పెట్టిన పేళ్లు వినదగినవి. హిందూస్థానీలో దానిని అజాయబ్‌ఘర్ అనిరి. అనగా వింతల యిల్లు. కొందఱు జాదూఘర్ అనిరి. అనగా ఇంద్రజాలపు టిల్లు. చెన్నపట్టణమున 1851లో మ్యూజియమును స్థాపించినపుడు అది మొదట ఫోర్టు సెయింటు జార్జి కాలేజీ మేడలో నుండెను. 1855లో దానికి జంతుశాలయు తోడయ్యెను. అందువలననే కాబోలు, అచ్చటి జనులు మ్యూజియమును చచ్చిన కాలేజీ యనియు, జంతుశాలను బ్రతికిన కాలేజీ యనియు పిలిచిరి. నవ్వు పుట్టించు పేళ్లే. కాని అందు విమర్శయు కలదు. వింతను చూచి నోరు తెఱచుట, చచ్చినదానిని చూచి తొలగిపోవుట, ఈ రెండే మనము అచ్చట చేయు పనులైనచో ఆ పేళ్లు తగినవే. మా మతమున దానికి తగిన పేరు సాక్ష్యశాల. న్యాయస్థానమున ఒక వస్తువును బల్లపై నుంచి, ఇది యేమి, ఎచ్చట దొరకినది, ఎవరు చేసిరి, దీనివలన ఏమి ఋజువగును అని అడుగుదుము. మ్యూజియమున ఒక పాత కుండపెంకు ముందు నిలిచిన బిడ్డయు ఈ నాలుగు ప్రశ్నలనే అడుగవలెను.

ఇప్పుడు జరుగుచున్న దేమి? ఏబదిమంది పిల్లలను ఒక బస్సున నెక్కింతురు. ఒక్క గంటలో ముప్పది గదులు త్రిప్పుదురు. "ముట్టుకొనకు, నిలువకు, నడువు" అను మూడు మాటలు తప్ప వారికి నాల్గవ మాట వినబడదు. పెద్దలు చేతి ఫోనులతో బొమ్మలు తీసికొనుటలో మునిగియుందురు. ఇంటికి వచ్చిన పిదప "ఏమి చూచితివిరా?" యని తాత అడుగును. "అన్నియు చూచితిని తాతా" అని మనుమడు చెప్పును. ఏది చూచితివని మఱల నడిగినచో, ఐస్‌క్రీము మాట తప్ప మఱేమియు రాదు. తప్పు బిడ్డది కాదు. ఒక దానిని చూచుటకు అతనికి మనము వ్యవధి యీయలేదు.

సాలార్జంగు మ్యూజియమునే చూడుడు. మూడవ సాలార్జంగు మీర్ యూసుఫ్ ఆలీఖాను (1889–1949) వివాహమాడక, తన ధనమునంతయు వస్తువులను కూర్చుటలో వెచ్చించెను. ఆయన గతించిన పిమ్మట 1951 డిసెంబరు 16న దివాను దేవిడీలో జవహర్‌లాల్ నెహ్రూ ఆ సంగ్రహమును ప్రజలకు తెఱచిరి. 1961లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా ప్రకటించెను. 1968లో అది మూసీ యొడ్డుననున్న నేటి భవనమునకు మాఱెను. అందొక గడియారము కలదు. గంటగంటకును ఒక చిన్న బొమ్మ వెలుపలికి వచ్చి గంట కొట్టి లోనికి పోవును. పండ్రెండగుసరికి దాని ముందు జనము గుమిగూడును. పిల్లలను అచ్చట నిలువనిండు. అది వారి హక్కు. కాని బొమ్మ లోనికి పోయిన తోడనే చేయి పట్టి లాగకుడు. ఎవరు పిలిచిరని అది వచ్చినది? పండ్రెండు దెబ్బలని దానికెట్లు తెలిసినది? అని అడుగుడు. జవాబు మీరు చెప్పవలదు. వారు తప్పుగా చెప్పినను చెప్పనిండు. తరువాత ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెక్కా కడకు తీసికొనిపొండు. మొదటి సాలార్జంగు 1876లో దానిని కొనెను. ముఖముపై నున్నది బట్టయా, రాయా? రాయి యైనచో లోపలి కన్నులెట్లు కనబడుచున్నవి? ఈ రెండు వస్తువులతో ఒక పూట గడిపిన బిడ్డ, ముప్పది గదులు పరుగెత్తిన బిడ్డకంటె ఎక్కువ చూచినవాడు. శుక్రవారము ఆ మ్యూజియమునకు సెలవు. అది యెఱిగి బయలుదేఱుడు.

పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర పురావస్తు మ్యూజియమున మన బిడ్డలు తప్పక అడుగునది మమ్మీని గూర్చి. ఈజిప్టు దేశమున రెండువేల యేండ్లకు పూర్వము మరణించిన ఒక యువతి దేహమది. ఆఱవ నిజాము అల్లుడు నజీర్ నవాజ్ జంగు దానిని కొని తెచ్చి ఏడవ నిజామునకు బహూకరింపగా, 1930 ప్రాంతమున అది మ్యూజియమునకు చేరెను. పిల్లలు అచ్చట జడియుదురు, లేదా వెక్కిరింతురు. అప్పుడు పెద్దలు మెల్లగా చెప్పవలసినది: "ఈమెయు ఒక తల్లి కన్న బిడ్డయే." ఇంకొక మాటయు చెప్పవలెను. మన అమరావతి స్తూపపు ఫలకములు నూటికి పైగా నేడు లండనులోని బ్రిటిషు మ్యూజియమున నున్నవి. 1845లో వాల్టరు ఎలియటు త్రవ్వించి చెన్నపట్టణమునకు చేర్చిన రాళ్లలో పెక్కు 1859లో ఓడ నెక్కినవి. దానికి మనము వగచుట న్యాయమే. కాని లండనులోని రాతికొఱకు వగచు తెలుగువాడు, హైదరాబాదులో నున్న ఈజిప్టు బిడ్డ ముందు ఒక నిమిషమైన తలవంచి నిలువవలదా? తనకొక ధర్మము, పరునికొక ధర్మము అను వాదము ఏ న్యాయస్థానమునను నిలువదు. మన దేశాభిమానము అట్టి సంకుచితము కారాదు.

అమరావతి కథలో మనము మ్రింగలేని భాగమొకటి కలదు. 1797 ప్రాంతమున కోలిన్ మెకంజీ అచ్చటికి పోవుసరికే ఆ దిబ్బను రాతికొఱకు త్రవ్వుచుండిరి. బుద్ధుని చరిత్ర చెక్కిన చలువరాళ్లు గోడలలోనికి పోయినవి. కొన్ని సున్నముగా కాలినవి. ఓడ నెక్కిన రాయి దూరముననైన నున్నది. బట్టీలో కాలినది ఎచ్చటను లేదు. దానిని కాల్చినవారు దుర్మార్గులు కారు. ఆ రాయి యేమని వారికి చిన్ననాడు ఎవరును చూపలేదు, అంతే. మ్యూజియమునకు బిడ్డను తీసికొనిపోవుట వేడుక మాత్రమే కాదనుటకు ఇంతకు మించిన తార్కాణము మాకు తెలియదు.

ఇక మన యూరి మాట. హైదరాబాదు నూటనలుబది కిలోమీటర్లకు పైగా నున్నది. మన కోట మన వాకిట నున్నది. ఓరుగల్లనగా ఒంటిరాయి, ఆ రాతిగుట్ట నేటికిని కోటలోనే కలదు. మన పిల్లలలో ఎందఱు దానిని తాకి యెఱుగుదురు? స్వయంభూ శివాలయ ప్రాంగణమునకు నాలుగు దిక్కుల నిలిచిన కీర్తితోరణములను 2014 నాటి తెలంగాణ రాజముద్రలో చూచినవారు లక్షలు. ఆ తోరణముపై హంసలెన్ని, మొగ్గలెటు వ్రేలాడుచున్నవి యని దాని క్రింద నిలిచి లెక్కపెట్టిన బిడ్డలెందఱు? నాలుగు తోరణములును ఒక్కతీరుననే యున్నవా యని అడిగి, నలుగురు పిల్లలను నాలుగింటి కడకు పంపుడు. కాగితము, పెన్సిలు ఇండు. బొమ్మ వంకరగా వచ్చినను చింత లేదు. చేయి గీయుచున్నంతసేపు కన్ను చూచుచుండును.

తోరణముల నడుమ గుడి యేది? అని పిల్లవాడు తప్పక అడుగును. అపుడు 1323 సంవత్సరమును దాచరాదు. ఆ యేట ఢిల్లీ సేనలచే ఓరుగల్లు పతనమై, ప్రతాపరుద్రుడు బందీయై, నగరము పేరు సుల్తానుపురముగా మాఱెను. కూలిన గుడి రాళ్లు అచ్చటనే యున్నవి. అటుపిమ్మట దగ్గఱనే యున్న ఖుష్‌మహలునకు తీసికొనిపోవలెను. పదునాఱవ శతాబ్దారంభమున ఓరుగల్లు నేలిన షితాబుఖానుని పేర దానిని చెప్పుదురు. దాని యెత్తైన కమానుల నీడలోనే నేడు కోటలో దొరకిన శిల్పములు భద్రపడియున్నవి. విరిగినదానిని చూపి దీనిని దాచుటయు, దీనిని చూపి దానిని దాచుటయు రెండును తప్పే. తన కనుకూలమైన సాక్ష్యమునే దాఖలు చేయు వకీలును న్యాయాధిపతి నమ్మడు; ఎదిగిన బిడ్డయు మనలను నమ్మడు.

సాక్ష్యమును చదువుట యెట్టిదో రెండు ఉదాహరణములు మనవి చేసెదము. పాలంపేటలోని రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించెనని అచ్చటి శాసనము చెప్పుచున్నది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికలో చేరినది ఆ గుడియే. రామప్ప యనునది శిల్పి పేరని జనుల వాడుక. శాసనము సేనాని పేరు నిలిపినది. జనుల నాలుక ఉలి పట్టినవాని పేరు నిలిపినది. ఏది వ్రాత, ఏది వినికిడి యని పిల్లలచేత వేఱుచేయింపుడు. రెండింటికిని విలువ కలదు, కాని రెండును ఒకటి కావు. ఇక రుద్రమదేవి. ఆమె 1295 ప్రాంతము వఱకు ఏలెనని చరిత్రకారులు వ్రాయుచుండిరి. నల్లగొండ సీమలోని చందుపట్లలో ఒక రాయి వెలుగులోనికి వచ్చినది. 1289 నవంబరు నాటి ఆ శాసనమున పువ్వుల ముమ్మడి యను ఒక బంటు, పరమపదించిన రుద్రమదేవికిని సేనాని మల్లికార్జున నాయనికిని పుణ్యముగా దేవునికి భూమినిచ్చెను. ఒక సామాన్యుని దానశాసనము ఒక మహారాజ్ఞి మరణకాలమును దిద్దినది! ఆ రాతిని ఎవడైన ఇంటి మెట్టుగా వేసికొనియున్నచో?

కోటలోను, వేయిస్తంభముల గుడిలోను, స్తంభములపై మేకుతో చెక్కిన పేళ్లను మీరు చూచియుందురు. 1958 నాటి పురాతన కట్టడముల చట్టమును 2010లో సవరించి, రక్షిత కట్టడమును చెఱచినవానికి రెండేండ్ల వఱకు కారాగారము, లేదా లక్ష రూపాయల వఱకు జుల్మానా, లేదా రెండును విధింపవచ్చునని చెప్పిరి. 1976లో రాజ్యాంగమున చేర్చిన ప్రాథమిక విధులలో వారసత్వమును కాపాడుటయు నొకటి. వకీలులముగా ఈ చట్టములను మేము గౌరవింతుము. కాని ప్రతి స్తంభమునకు ఒక జవానును నిలుపజాలము. వేయిస్తంభముల గుడి 1163 నాటిది. దాని కల్యాణమండపమును ఱాయి ఱాయిగా విప్పి, పదునేండ్లకు పైగా శ్రమించి మరల కూర్చి 2024లో తెఱచిరి. ఆ శ్రమ యెట్టిదో విని, ఆ ఱాతిపై చేయి వేసి చూచిన బాలుడు మేకు పట్టడు.

ఈ పని మనకు క్రొత్త కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో ఈ హనుమకొండలోనే రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించినవారు కొలువుకొఱకు ఆ పని చేయలేదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావు గతించిన పిదప ఆయన పేర వెలసిన పరిశోధకమండలి 1935లో తెలంగాణా శాసనములను గ్రంథముగా ప్రకటించెను. పొలములలో, గుళ్లలో పడియున్న రాళ్లపై వ్రాతలను అచ్చునకెక్కించినవారి ఋణము మనపై నున్నది. వారు అక్షరమును కాపాడిరి. ఆ అక్షరమును చదువగల కన్నులను తయారుచేయుట మన వంతు.

కావున మా మనవులు ఇవి. ఉపాధ్యాయులారా, పిల్లలను తీసికొనిపోవుటకు ముందు మీరొక్కరే ఒకసారి పోయి, చూపవలసిన మూడు వస్తువులను ఎంచుకొనుడు. తలిదండ్రులారా, మీకు తెలియనిదానిని తెలియదని బిడ్డతో చెప్పుడు. ఇద్దఱును కలిసి వెదకుడు. మ్యూజియముల అధికారులకు మనము అర్జీలు పెట్టుదము: ప్రతి వస్తువు క్రిందను పదేండ్ల బిడ్డ చదువగల తెలుగులో నాలుగు పంక్తులు ఉండవలెను. ప్రతి పాఠశాలయు ఒక బీరువానైన మ్యూజియముగా చేయవలెను. అవ్వ విసిరిన తిరుగలి, తాత కొలిచిన మానిక, పాత రాగి నాణెము. ఎవరిది, ఏ యూరిది, ఏ కాలముది యని పిల్లలే చీటి వ్రాయవలెను. కొత్తవాడ మగ్గములపై మన దరీలు నేటికిని నేయబడుచున్నవి. 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు దొరకినది. వాటిని గాజు బీరువాలో చూడవలసిన దినము రాకమునుపే, మగ్గముపై చూపుడు.

కడపటి మాట. మన బిడ్డలను మనము తీసికొనిపోగలము. బండి లాగువాని బిడ్డను, ఇటుకబట్టీలో పనిచేయు తల్లి బిడ్డను ఎవరు తీసికొనిపోవుదురు? కోట వారిది కూడ. దానిని కట్టినది వారి పూర్వుల చేతులే. వచ్చు ఆదివారము ఉదయము ఏడు గంటలకు, ఎండ ముదరకమునుపు, మేము కొందఱము కీర్తితోరణముల కడ కాగితములతో, పెన్సిళ్లతో వేచియుందుము. మీ బిడ్డను తోడ్కొని రండు. మీ బిడ్డ కాని యింకొక బిడ్డనుగూడ తోడ్కొని రండు.