చేతిలోని యంత్రము – చేతనైన విద్య
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇట్టి సభలలో గ్రంథముల మహిమను గూర్చి ప్రసంగించుట పరిపాటి. కార్యదర్శిగారు నాకు నిర్ణయించిన విషయము వేరు. సెల్‌ఫోనును, కంప్యూటరును సామాన్యులు ఎట్లు వాడుకొనవలెననునది ఆ విషయము. గ్రంథాలయమునకు దీనితో పనియేమని కొందరు తలంపవచ్చును. పని యున్నదని నా మనవి.

1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినవి. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటి పెద్దలు ఈ ఉద్యమమునకే జీవితమును ధారపోసిరి. 1935లో పాతూరి నాగభూషణంగారు పుస్తకములను పడవ కెక్కించి కృష్ణా కాలువ వెంబడి పాఠకుల చెంతకే పంపిరి. అల్మారాలు నింపుట మాత్రమే వారి ఆశయము కాదు. ఉత్తరము వచ్చినచో ఇతరులచే చదివించుకొని ఇంటిగుట్టు బయట పెట్టుకొను దుస్థితి, నోటులో ఏమున్నదో తెలియక వేలిముద్ర వేసి పొలము పోగొట్టుకొను దుస్థితి తొలగవలెనని వారి తపన.

ఆ దుస్థితి నేడు మరియొక రూపమున వచ్చినది. వేలిముద్రకు బదులు పిన్ అనెడి రహస్యసంఖ్య వచ్చినది. అక్షరములు వచ్చిన పెద్దలు సైతము ఫోనును దుకాణములోని కుర్రవాని చేతికిచ్చి, పిన్ కూడ చెప్పి, "నాయనా, డబ్బు పడినదేమో చూడు" అనుచున్నారు. ఆ కుర్రవాడు యోగ్యుడే కావచ్చును. అయినను మన ధాన్యపు డబ్బునకు తాళపుచెవి మనయొద్దనే యుండవలెను గదా!

కావున మొదట ధనమును గూర్చి చెప్పెదను. 2016లో మన దేశమున యూపీఐ పద్ధతి వచ్చినది. ఇందులో ఒక్క సూత్రము కంఠస్థము చేసిన చాలును: డబ్బు ఇచ్చుటకు పిన్ కావలెను, పుచ్చుకొనుటకు అక్కరలేదు. ఎవడో ఫోను చేసి, "మీ గేదెను నేను కొందును, బయానా పంపుచున్నాను, ఈ గళ్ల బొమ్మను స్కాను చేసి పిన్ నొక్కుడు" అనినచో, వాడు పంపువాడు కాడు, లాగుకొనువాడు. అట్లే ఓటీపీ అనగా ఒక్కసారి వాడుకొను సంకేతసంఖ్య. బ్యాంకువారు దానిని ఫోనులో అడుగరు. అడిగినవాడు బ్యాంకువాడు కాడు.

రెండవది బెదిరింపు. పోలీసు దుస్తులతో వీడియోలో కనబడి, "నీ పేర నేరమున్నది, నిన్ను డిజిటల్ అరెస్టు చేసితిమి, గదిలోనుండి కదలవద్దు" అని గద్దించువారు బయలుదేరినారు. డిజిటల్ అరెస్టు అనునది మన చట్టములో లేదు. ఏ పోలీసు అధికారియు వీడియోలో అరెస్టు చేయడు, విడుదలకు డబ్బు పంపుమనడు. ఫోను పెట్టివేసి ఇంటిలోనివారికి చెప్పుడు. ఒంటరిగా ఉంచి భయపెట్టుటయే వారి ఆయుధము. నలుగురికి చెప్పిన క్షణమున అది మొక్కవోవును.

మూడవది ముసుగు వేసికొని వచ్చు దొంగ. వాట్సాప్‌లో పెండ్లిపిలుపనియో, ప్రభుత్వ పథకమనియో ఒక ఫైలు వచ్చును. దాని పేరు చివర ఏపీకే అని యున్నచో అది పత్రిక కాదు, ఫోనులో కాపురము పెట్టదలచిన యాప్. తెలిసినవారి నంబరునుండి వచ్చినను తెరువవలదు. వారి ఫోను అప్పటికే దొంగల పాలై యుండవచ్చును. యాప్‌లు కావలసినచో ప్లేస్టోరునుండియే తీసికొనుడు. అక్కడను కొంత వివేచన అవసరము. టార్చిలైటు యాప్ మీ సందేశములను చదువుటకు అనుమతి కోరినచో, దీపమునకు ఉత్తరములతో పనియేమని ప్రశ్నించుకొనుడు.

ఇంత జాగ్రత్తపడినను మోసము జరుగవచ్చును. అప్పుడు పరువునకు వెరచి దాచుకొనుట తగదు. వెంటనే 1930 అను నంబరునకు ఫోను చేయుడు. మీ బ్యాంకుకును తెలుపుడు. దొంగలు డబ్బును ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు త్వరత్వరగా మార్చుదురు. అది చేయి దాటకముందే ఫిర్యాదు అందినచో దారిలో నిలిపివేయుటకు అవకాశము కలదు. గంటలు గడచిన కొలది ఆ ఆశ సన్నగిల్లును. మోసపోవుట సిగ్గుపడవలసిన విషయము కాదు, సిగ్గుపడవలసినది మోసగించినవాడు. ఇంటిలోని పిల్లలు కూడ, "నీకెందుకు ఫోను?" అని పెద్దలను కసరరాదు. కసరినచో మరుసారి వారు చెప్పరు.

ఫోను పోయిన సందర్భమును గూర్చి రెండు మాటలు. ప్రతి ఫోనుకును ఐఎంఈఐ అను 15 అంకెల గుర్తింపుసంఖ్య యుండును. స్టార్, హ్యాష్, 0, 6, హ్యాష్ నొక్కినచో అది తెరపై కనబడును. నేడే దానిని కాగితముపై వ్రాసి ఇనుపపెట్టెలో దాచుడు. ఫోను పోయినచో పోలీసులకు ఫిర్యాదు చేసి, సిమ్‌ను ఆపించి, 2023లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన సంచార్ సాథీ ద్వారా ఆ ఫోను పనిచేయకుండ కట్టుబాటు చేయవచ్చును. మీ పేర ఎన్ని సిమ్‌లున్నవో కూడ అందులో తెలిసికొనవచ్చును.

ఇక నిత్యోపయోగములు. అక్షరములు కనబడుట లేదని ఫోనును మూలను పెట్టవలదు; సెట్టింగులలో అక్షరముల పరిమాణము పెంచుకొనవచ్చును. చూపు మందగించినవారికి తెరపైనున్నది చదివి వినిపించు టాక్‌బ్యాక్ అను సౌకర్యము ఆండ్రాయిడ్ ఫోనులలో గలదు. వ్రాయుట కష్టమైనచో మైకు గుర్తు నొక్కి తెలుగున మాటలాడిన, అదియే వ్రాసికొనును. ఫోను మందగించినచో ఒకసారి పూర్తిగా ఆపి మరల వెలిగించుడు. వాట్సాప్‌లో బొమ్మలు తమంతట దిగుటను ఆపినచో చోటు మిగులును. వేడి బ్యాటరీకి శత్రువు; దిండుక్రింద పెట్టి ఛార్జి చేయరాదు.

కంప్యూటరు నేర్చువారికి రెండు మీటలు చాలు. కంట్రోల్ మీటతో ఎస్ నొక్కిన వ్రాసినది భద్రమగును. జెడ్ నొక్కిన చేసిన పొరపాటు వెనుకకు మరలును. ఈ రెండవది తెలిసినచో భయము పోవును. నెట్‌సెంటరులో ఆధార్ నకలు తీయించిన పిమ్మట, దానిని మీ యెదుటనే ఆ కంప్యూటరునుండి చెరిపించుడు. చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు ఆధార్ ప్రతియు లభించుచున్నది. సాధ్యమైనచోట దానినే ఇచ్చుడు.

ఈ యంత్రము భయకారణము మాత్రమే కాదు. యూనికోడ్‌లో తెలుగు లిపికి 1991లోనే స్థానము లభించినది. 2003లో తెలుగు వికీపీడియా ఆరంభమైనది. వికీసోర్స్‌లో పాత తెలుగు గ్రంథములు ఉచితముగా చదువుకొనవచ్చును. నాడు కాలువమీద వచ్చిన పడవ, నేడు మన అరచేతికే వచ్చినది.

కడపట కార్యవర్గమువారికొక విన్నపము. వారమున కొక గంట ఈ భవనమున పెద్దలకు ఫోను నేర్పు ఏర్పాటు చేయుడు. చదువుకొన్న యువతీయువకులే గురువులు. వారికి రెండు నియమములు: పెద్దల చేతినుండి ఫోను లాగుకొని తామే చేయరాదు, పెద్దల వ్రేలే నొక్కవలెను, ఎవరి పిన్‌ను అడుగరాదు, చెప్పినను వినరాదు. అక్షరము నేర్పిన చోటనే ఈ విద్యయు నేర్పుట న్యాయము. ఊరిలో ప్రతి ముదుసలియు తన డబ్బు లెక్కను తానే చూచుకొనగలిగిన నాడు, ఈ గ్రంథాలయము తన పని తాను చేసినదని చెప్పుకొనవచ్చును.